పాఠకుల ప్రశ్నలు: ఎబెనెజరు అని పేరు పెట్టవచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఎబెనెజరు అని పేరు పెట్టాలనుకుంటున్నాం. అది మనిషి పేరు కాదు, ఇశ్రాయేలీయులు ఓడిపోయిన చోటు అని మా మామయ్యగారు వద్దంటున్నారు. పెట్టవచ్చా? పెడితే స్పెల్లింగ్ ఎలా రాయించాలి?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: మామయ్యగారు చెప్పిన రెండూ నిజమే. అయినా పేరు నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. బైబిల్లో ఈ పేరుగల మనిషి ఎవరూ లేరు. మొదటి సమూయేలు 4వ అధ్యాయంలో ఎబెనెజరు దగ్గర దిగిన ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ముందు సుమారు 4,000 మందిని, తర్వాత 30,000 మందిని పోగొట్టుకున్నారు. దేవుని ఆజ్ఞల పలకలుండే మందసం అనే పవిత్ర పెట్టె కూడా శత్రువుల పాలైంది. 7వ అధ్యాయానికి వచ్చేసరికి మందసం తిరిగొచ్చి 20 ఏళ్లయింది. జనం మిస్పాలో ఉపవాసముండి పాపం ఒప్పుకున్నారు. యుద్ధానికి వచ్చిన ఫిలిష్తీయులు ఉరుములకు కకావికలై ఓడిపోయారు. అప్పుడు సమూయేలు ప్రవక్త మిస్పాకూ షేనుకూ మధ్య ఒక రాయి నిలిపి, ‘ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను’ అని చెప్పి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడు.

హెబ్రీలో ‘ఎబెన్’ రాయి, ‘ఏజెర్’ సహాయం. బైబిల్లోని ఎలీయెజెరు అనే మనిషి పేరులో ఉన్నదీ ఈ సహాయమే. ఆదికాండం 2:18లో ‘సాటియైన సహాయము’ అన్నచోటా ఇదే మాట. యూదుల ధర్మశాస్త్రం షుల్హాన్ ఆరూఖ్‌లో పెళ్లి, విడాకుల భాగాన్ని ‘ఎబెన్ హాఏజెర్’ అనే పిలుస్తారు. ఈ పేరు మనుషులకు పెట్టడం ఇంగ్లండులోని ప్యూరిటన్లు అనే నిష్ఠగల ప్రొటెస్టంటు క్రైస్తవుల్లో బాగా సాగింది. స్కాట్లండు బోధకుడు ఎబెనెజర్ అర్‌స్కిన్ 1680లో పుట్టాడు.

ఈ పేరు బలమంతా ‘ఇంతవరకు’ అన్న మాటలోనే ఉంది. కష్టం గట్టెక్కాక పుట్టిన బిడ్డకూ, కట్టుకున్న ఇంటి గేటుకూ ఇది అందుకే అంత చక్కగా ఒదుగుతుంది.

ఇక స్పెల్లింగ్. తెలుగు బైబిల్లో ‘ఎబెనెజరు’. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు: ఇ, బి, ఇ, ఎన్, ఇ, జెడ్, ఇ, ఆర్. ‘ఎబినేజర్’ అని పలికే అలవాటువల్ల ‘బి’ తర్వాత ‘ఐ’ పడుతుంది. ‘జ’ వినబడగానే జెడ్ బదులు ‘జె’ కొట్టేస్తారు. అందుకే నోటితో చెప్పకుండా పెద్దక్షరాల్లో కాగితంమీద రాసివ్వండి. జనన ధ్రువపత్రంలో 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుతారు, ఆ తర్వాత 15 ఏళ్లవరకు ఆలస్య రుసుము కట్టాలి. అందులో ఇంటిపేరుతో సహా ఎలా పడిందో సంఘం రిజిస్టరులో, ఆధార్‌లో, బడిలో అలాగే రాయించండి. పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) బడివాళ్లు పంపేముందు ఇంకోసారి అక్షరం అక్షరం సరిచూసుకోండి. మార్కుల మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.