వంక అవతలి పల్లె

అమ్మడూ,

నువ్వు తిరుపతిలో పబ్లిక్ హెల్త్ కోర్సులో చేరుతున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఈ దారి పట్టింది నువ్వే. ఆ సంతోషానికి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి కూర్చుంటే మాత్రం భయం వేసింది, అందుకే ఈ ఉత్తరం.

క్లాసులు ఎగ్గొట్టొద్దు. పొద్దున తినకుండా పోవద్దు. ఇవి నీకు తెలిసినవే.

ఇన్సిడెన్స్, ప్రివలెన్స్ అని రెండు మాటలు మొదట్లోనే చెప్తారు. మన ఊరి చెరువును తలుచుకో. కొత్తగా వచ్చి పడే నీళ్లు ఇన్సిడెన్స్, అంటే ఫలానా కాలంలో కొత్తగా జబ్బు పడినవాళ్లు. ఈ రోజు చెరువులో నిలిచి ఉన్న నీళ్లు ప్రివలెన్స్, అంటే కొత్తా పాతా కలిపి ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్లు. నయమైనవాళ్లూ చనిపోయినవాళ్లూ తూములోంచి, మొరవ మీంచి పోయిన నీళ్లు. మంచి మందులతో షుగరువాళ్లు ఎక్కువకాలం బతికితే చెరువు మట్టం పెరుగుతుంది. అంతమాత్రాన జబ్బు కొత్తగా ఎక్కువమందికి వస్తోందని కాదు. విరేచనాలు నాలుగు రోజుల్లో తగ్గిపోతాయి కాబట్టి ఎంతమందికి వచ్చినా చెరువు నిండినట్టు కనపడదు. అక్కడ వచ్చి పడే నీళ్లే చూడాలి.

ఇక లవం, హారం. శిశు మరణాలను వెయ్యి సజీవ జననాలకు లెక్క కడతారు, ప్రసూతి మరణాలను లక్షకు. పైనున్న అంకె అందరి కంటా పడుతుంది. కింద ఎవరెవరిని లెక్కలోకి తీసుకున్నావని అడిగేవాళ్లు తక్కువ. నేను దెబ్బ తిన్నది అక్కడే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పలమనేరు వైపు సబ్‌సెంటర్, అంటే కొన్ని ఊళ్లకు కలిపి ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం. నా కింద ఉన్న ఊళ్లలో వంక అవతల పదమూడు ఇళ్ల పల్లె ఒకటి. కార్తీకంలో తుపాను పట్టి వంక పొంగింది. శనివారం సాయంత్రం రిపోర్టు పంపాలి. విరేచనాల కేసులు ఊరూరికీ రాసుకుంటూ వచ్చాను: రెండు, ఒకటి, నాలుగు. ఆ పల్లె గడి దగ్గర పెన్ను ఆగింది. నేను పోలేదు. అక్కడినుంచి ఎవరూ రాలేదు. సున్నా పెట్టేశాను.

మంగళవారం నీళ్లు తీశాక ఒకాయన ఆరేళ్ల కొడుకును భుజాన వేసుకొచ్చాడు. పిల్లోడి కళ్లు గుంటలు పడిపోయాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాను. మడత అట్లాగే నిలబడింది. మనసులో మూడు లెక్కపెట్టాక గానీ దిగలేదు. జీపులో పెద్దాసుపత్రికి పంపితే సెలైన్ ఎక్కించారు, బతికాడు. నేను పల్లెకు పోయాను. వరద నీళ్లు తాగే బావిలో కలిశాయి. పదమూడిళ్లలో తొమ్మిదింట విరేచనాలే. ఒక అవ్వ అప్పటికే చనిపోయింది. ఎప్పుడని అడిగాను. శనివారం పొద్దుగూకే వేళకన్నారు.

డాక్టరుగారు నా రిపోర్టు తీసి ఆ గడి మీద వేలు పెట్టారు. "ఈ సున్నా లేరనా, పోలేదనా?" అన్నారు. అరిచి ఉంటే బాగుండేది.

వంక దాటకపోవడం తప్పు కాదు తల్లీ. నువ్వూ దాటొద్దు, నా మీద ఒట్టు. "పోలేదు" అని ఒక్క మాట రాసి ఉంటే ఆదివారమే ఇంకో దారిన ఎవరో ఒకరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బ్లీచింగ్ పట్టుకుని పోయేవాళ్లు. నా సున్నా చూసి అందరూ నిశ్చింతగా పడుకున్నారు.

1854లో లండన్‌లో కలరా బోరింగు నీళ్లవల్ల వస్తోందని పసిగట్టిన జాన్ స్నో గురించి నీకు చెప్తారు. ఆ నీళ్లు ఎవరూ తాగకుండా పంపు పిడి తీయించిన కథ అందరికీ తెలుసు. ఆ వీధిలోనే ఉన్న బీరు ఫ్యాక్టరీ పనివాళ్లకు ఎందుకు రాలేదని కూడా ఆయన విచారించాడు. వాళ్లు ఆ నీళ్లు తాగనే లేదట. జబ్బు రానివాళ్ల గడప కూడా తొక్కాలి. నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఊళ్లోకి పోతే మనుషుల ఎదుట వాళ్లను "కేసు" అనొద్దు, నోరు జారినా సరే బాధపడతారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపమని తల్లులకు చేసి చూపించు. గ్లాసుకు చిటికెడు వేసి మిగతాది దాచిపెడతారు. పిల్లలకు జింకు మాత్రలు విరేచనాలు ఆగినా పద్నాలుగు రోజులూ వేయమను.

చదువుకున్న పిల్లను ఇన్ని మాటలన్నానని అలగొద్దు. ఆ సంవత్సరం డైరీ ఇంకా నా బీరువాలోనే ఉంది. సంక్రాంతికి వస్తే ఆ పేజీ చూపిస్తాను. ఈలోగా సర్వేకని ఏ ఊరికి పోయినా బయల్దేరే ముందు ఫోన్ చెయ్, దారిలో వంక ఉందో లేదో చెప్పు.

మీ పెద్దమ్మ