బాల్కనీ గదికి వేలం పాడే ముందు

బరంపురం నుంచి మీ దంపతులూ అమ్మగారూ వెళ్లి సింగపూర్‌లో రాయల్ కరేబియన్ కంపెనీ విహార ఓడ ఎక్కుతున్నారు, కిటికీ లేని గది తీసుకున్నారు, బయల్దేరేలోపు బాల్కనీ గదికి మారడం ఎలా అని అడిగారు కదండీ.

వేలం మాట తర్వాత. ముందు ఏజెంటుకి ఫోన్ చేసి ఇవాళ బాల్కనీ గది రేటెంతో కనుక్కోండి. చివరి వాయిదా కట్టకముందైతే తేడా సొమ్ము కట్టి మారడం తేలిక, గది నంబరూ మనమే ఎంచుకోవచ్చు. ఒక్కోసారి వేలం కంటే ఇదే చవక.

అది కుదరకపోతేనే రాయల్‌అప్, అంటే ఇంకా మంచి గదికి ఇంత అదనంగా ఇస్తామని మనం పాడుకునే ఆ ఓడ కంపెనీ వేలం. అర్హత ఉంటే మెయిలొస్తుంది. బుకింగులో ఏజెంటు మెయిలుంటే మీదాకా రాదు, మీది పెట్టించండి. చాలామంది బోల్తాపడేది ఎక్కడంటే, అక్కడ కనిపించే అంకె మనిషికి. 100 డాలర్లు వేస్తే గదికి 200 అన్నమాట. మూడో మనిషికి మాత్రం అదనం ఉండదు. కంపెనీ వాళ్లు ఒప్పుకునేదాకా మన పాట మార్చుకోవచ్చు, రద్దూ చేసుకోవచ్చు. ఒప్పుకున్నాక కార్డు మీద పడ్డ డబ్బు వెనక్కి రాదు. కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి ఉంచండి. నేనైతే కనీస మొత్తానికి కాస్త పైన వేసి ఊరుకుంటాను.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు. వేలంలో వచ్చే గది ఎక్కడుంటుందో మన చేతిలో లేదు, లిఫ్టుకి దూరంగా ఆ చివర పడొచ్చు. గోపాలపూర్‌లో పడవెక్కితేనే తల తిరిగే మనిషైతే, ఓడ ముందు భాగంలో పై అంతస్తు బాల్కనీ కంటే నడిమధ్యన కింది అంతస్తు గదే హాయి.

గది మారితే లగేజీ ట్యాగులు కొత్త నంబరుతో మళ్లీ ప్రింటు తీసుకోండి.