బాయికా, షేర్ బజారుకా?

ప్రశ్న: సార్, నేను సింగరేణి బొగ్గు బాయిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌ని. గోదావరిఖనిలో ఉంటాం. వచ్చే ఏడాది రిటైర్ అవుతాను. మా బాబు మైనింగ్ బీటెక్ మూడో సంవత్సరం. మైనింగ్‌లో భవిష్యత్తు లేదు, షేర్లను అంచనా వేసే ఈక్విటీ అనలిస్ట్ అవుతా, హైదరాబాద్‌లో మంచి కోర్సు ఉంది, ఈ నెలాఖరులోగా 85 వేలు కట్టాలి అంటున్నాడు. మొన్న ఒడిశాలో ఒక కంపెనీకి ఇనుప గని హక్కులు వచ్చాయని వాడే చెబితే, దాచుకున్న దాంట్లో 3 లక్షలు ఆ షేర్లలో పెట్టాను. వారం రోజులు పెరిగింది. ఇప్పుడు మూడో వంతు పోయింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మైనింగ్ చేయించాలా, మార్కెట్ వైపు పంపాలా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: మైనింగా మార్కెటా అని అడుగుతూ నెలకు ముగ్గురు నలుగురు తండ్రులు నా ఎదురుగా కూర్చుంటారు. చాయ్ తాగడం అయ్యేసరికి ఎక్కడో పోయిన డబ్బు సంగతి బయటికొస్తుంది. మీరు నయం, ముందే రాసేశారు. కొడుకు మాట విని డబ్బు పెట్టారు, పోయింది. ఇప్పుడు అదే కొడుకు ఇంకో దారి చూపిస్తుంటే నమ్మాలా వద్దా అన్నదే మీ బెంగ. కాబట్టి ముందు ఆ 3 లక్షల సంగతి చూద్దాం. గేట్ గురించి, మేనేజర్ సర్టిఫికెట్ పరీక్షల గురించి ఇక్కడ రాయను. అవి మీ ఇంట్లో నాకంటే బాగా తెలిసినవాళ్ళే ఉన్నారు.

హక్కులు వచ్చాయన్నారు. ఏ హక్కు వచ్చింది? మీ వాడు పంపిన ఆ వార్త ముక్క మళ్ళీ ఒకసారి తెరిచి చూడండి. 2015లో గనుల చట్టం మారాక ఇనుప ఖనిజం లాంటి వాటి లీజులు ప్రైవేటు కంపెనీలకు వేలంలోనే దక్కుతున్నాయి. వేలంలో ఎక్కువ పాడిన కంపెనీ ముందు ‘ప్రిఫర్డ్ బిడ్డర్’ అవుతుంది. ముందస్తు సొమ్ములో మొదటి విడత కడితే ‘లెటర్ ఆఫ్ ఇంటెంట్’, అంటే షరతులు తీరితే లీజిస్తామన్న కాగితం, చేతికొస్తుంది. టీవీ వాళ్ళు, వాట్సాప్ గ్రూపుల వాళ్ళు ‘గని దక్కింది’ అని పండగ చేసుకునేది ఇక్కడే. పెళ్ళిచూపుల్లో అమ్మాయి నచ్చిందనగానే మనవడికి పేరు వెతికినట్టు. ఆ తర్వాత మైనింగ్ ప్లాన్‌కు ఆమోదం రావాలి, పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. అడవి భూమి అయితే రెండు దశల అటవీ అనుమతి, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం కావాలి. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఉండాలి, పైన భూమి స్వాధీనం కావాలి. లీజు ఒప్పందం మీద సంతకం పడేది వీటిలో చాలా మట్టుకు తేలాకే. ఇందులో ఏ ఒక్కటి ఆగినా గడ్డపార దిగదు. డబ్బు మాత్రం మొదటి రోజు నుంచే బయటికి పోతూ ఉంటుంది. ముందస్తు సొమ్ము కట్టాలి, బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టాలి. అది చాలకపోతే కంపెనీ కొత్త షేర్లు జారీ చేస్తుంది, మీ వాటా అంతకంత పలచబడుతుంది.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఇదంతా నేను మీకు చెప్పాలా? మీ సింగరేణికే ఒడిశాలోని అంగుల్ జిల్లాలో నైనీ బొగ్గు బ్లాకును 2015లో కేటాయించారు. అక్కడ మొదటి బొగ్గు తీసింది 2025 ఏప్రిల్‌లో. పదేళ్ళు! 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది అయిన కంపెనీ, నూటముప్పై ఏళ్ళుగా బొగ్గు తీస్తున్న కంపెనీ. దానికే అటవీ భూమి, అనుమతులు అంటూ పదేళ్ళు పట్టింది. నైనీ ఎప్పుడు మొదలవుతుందని మీ యూనియన్ మీటింగుల్లో ఎన్నిసార్లు అడిగి ఉంటారు! కాగితానికీ బొగ్గుకూ మధ్య ఎంత దూరమో సర్వీసంతా చూసిన మనిషి, ఫోన్‌లో ఒక పచ్చ గీత చూడగానే అదంతా మరిచిపోయారు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి తెలియకపోవడంలో వింత లేదు. అందుకే ఆ నష్టంలో పెద్ద వాటా మీదే. వాడి మీద రాయకండి.

ఆలస్యమైనా చివరికి వస్తుందిలే అనుకోవడానికీ లేదు. ఒడిశాలోనే నియమ్‌గిరి కొండల కింద లాంజిగఢ్‌లో వేదాంత ఏడాదికి పది లక్షల టన్నుల అల్యూమినా తీసే ఫ్యాక్టరీ కట్టింది. పైన కొండలో దానికి కావాల్సిన బాక్సైట్ ఖనిజం ఉందన్న ధైర్యమే దానికి పునాది. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు ఊళ్ళను అడిగారు, పన్నెండూ వద్దన్నాయి. ఫ్యాక్టరీ మిగిలింది, కొండ దక్కలేదు. ఖనిజాన్ని బయటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గరైతే నర్సీపట్నం పక్కన మాకవరపాలెంలో అల్యూమినా ఫ్యాక్టరీ కట్టారు, విశాఖ మన్యం నుంచి బాక్సైట్ రానే లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు లీజులివ్వడం చెల్లదని 1997లోనే, బొర్రా దగ్గరి గనుల విషయంలో వచ్చిన సమత కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును శ్రద్ధగా చదివిన మదుపరి ఎవరైనా ఆ ఫ్యాక్టరీకి పునాది వేసే ముందు రెండుసార్లు ఆలోచించేవాడు.

నడుస్తున్న గని అయితే భయం లేదా? హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో హెడ్డాఫీసున్న ప్రభుత్వ ఇనుప గనుల కంపెనీ ఎన్‌ఎండీసీనే తీసుకోండి. కర్ణాటకలో సండూరు దగ్గర దోణిమలై గని దశాబ్దాలుగా దాని చేతిలోనే ఉంది, ఏడాదికి సుమారు 70 లక్షల టన్నుల సామర్థ్యం. 2018 నవంబర్‌లో లీజు గడువు తీరింది. పొడిగించాలంటే అమ్మకం ధరలో 80 శాతం ప్రీమియం కట్టాలని రాష్ట్రం అంది. ఎన్‌ఎండీసీ తవ్వకం ఆపేసి కోర్టుకెళ్ళింది. చివరికి 22.5 శాతం దగ్గర తేలి, 2021 ఫిబ్రవరిలో గని మళ్ళీ తెరుచుకుంది. రెండేళ్ళకు పైగా యంత్రాలు మూలపడ్డాయి, షేర్ పట్టుకున్నవాళ్ళు తేదీలు లెక్కపెట్టుకున్నారు. ఈ ప్రీమియం శాతాన్ని బట్టే ఆ గని మీద కంపెనీకి ఎంత మిగులుతుందో తేలుతుంది. కొందరైతే ఆ మిగులును తమంతట తామే వదులుకున్నారు. 2020 ఒడిశా వేలాల్లో ఇనుప గనులకు 100 శాతం దాటి ప్రీమియం పాడినవాళ్ళున్నారు. సొంత ఉక్కు కొలిమి ఉన్నవాడు ఖనిజం చేతిలో ఉండాలని అలా పాడితే ఏదో లెక్క ఉందనుకోవచ్చు. ఖనిజం అమ్ముకుని బతికే కంపెనీ అలా గెలిస్తే, ఆ గెలుపు వార్త చదివి షేర్ కొనేవాణ్ణి ఏమనాలి?

కోర్టుల సంగతి ముట్టుకుంటే ఈ జవాబు తెల్లవార్లూ సాగుతుంది. 2014 సెప్టెంబర్‌లో 214 బొగ్గు బ్లాకులు ఒక్క రోజులో రద్దయ్యాయి. 2018 ఫిబ్రవరిలో గోవాలో 88 లీజుల రెన్యువల్ కొట్టేశారు. అనుమతించిన దానికంటే ఎక్కువ తవ్విన ఒడిశా కంపెనీల నుంచి ఆ ఖనిజం విలువ మొత్తం రాబట్టమని 2017లో తీర్పొచ్చింది. 2024 జులైలో తొమ్మిది మంది జడ్జీల బెంచి, ఖనిజం తవ్వినందుకు కట్టే రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు వేరే పన్ను వేసుకోవచ్చు అంది. తర్వాతి నెల, 2005 ఏప్రిల్ నుంచి పాత బాకీ కూడా వసూలు చేసుకోవచ్చని ఇంకో మాట. అంటే మీరు ఇవాళ కొన్న షేర్ మీద ఇరవై ఏళ్ళ కిందటి లెక్క వచ్చి పడొచ్చు.

భయపెట్టడానికి రాయలేదు ఇవన్నీ. పై నాలుగు పేరాల్లో చెప్పినవి ఏ చార్టులోనూ కనపడవు. మీ అబ్బాయికి మాత్రం వీటి మొదటి అక్షరాలు తరగతిలోనే చెప్పారు. 2023లో జమ్మూలోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం ఉందని ప్రకటించగానే దేశమంతా ఊగిపోయింది. అది అప్పటికి అంచనా వనరు మాత్రమే, తవ్వి అమ్ముకోగల నిల్వ అని తేలలేదు. తర్వాత వేలానికి చాలినంత మంది రాక 2024లో రద్దు చేశారు. వనరుకూ నిల్వకూ తేడా ఏమిటని మైనింగ్ చదివే ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. లక్షలు పోసి షేర్లు కొనేవాళ్ళను అడిగి చూడండి.

ఇక ఆ కోర్సు. నా అనుమానాలు దాచను. 85 వేలు తీసుకుని మూడు నెలల్లో అనలిస్టును చేస్తామనేవాళ్ళు చాలా వరకు నేర్పేది ట్రేడింగ్. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ధరల మీద ముందస్తు ఒప్పందాలు) ఆడిన చిన్న ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్కే చెబుతోంది. జనానికి డబ్బు తీసుకుని షేర్ల సలహా ఇవ్వాలంటే సెబీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి, సెబీ పెట్టిన విద్యాసంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు పుస్తకం ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, 85 వేలు అక్కర్లేదు. పాఠాల పేరుతో తాజా ధరలు చూపించి టిప్పులిచ్చే బేరం ముదిరింది కాబట్టే, చదువు చెప్పేవాళ్ళు గత మూడు నెలల ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీ చెప్పాల్సి వచ్చింది. మీ వాడు చేరతానంటున్న చోట ‘లైవ్ మార్కెట్ క్లాసులు’ అని బోర్డు ఉందేమో చూడమనండి. ఉంటే అక్కడి నుంచే వెనక్కి రమ్మనండి.

నెలాఖరులోగా కట్టాలన్న మాట కూడా నాకు నచ్చలేదు. మంచి చదువు ఏదీ తండ్రి రిటైర్మెంట్ తేదీ చూసి తొందరపెట్టదు.

పోలిక అడిగారు కదా, నిజానికి నాకు పెద్ద పోలిక కనపడటం లేదు. మైనింగ్ డిగ్రీతో గనిలో నాలుగైదేళ్ళు పనిచేసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, తర్వాత డబ్బు వైపు వెళ్ళినవాళ్ళను చూశాను. గనుల ప్రాజెక్టులకు అప్పులిచ్చే బ్యాంకుల్లో, ఖనిజ నిల్వలు అంచనా వేసే సంస్థల్లో, లోహాల కంపెనీలను చూసే బ్రోకింగ్ ఆఫీసుల్లో వాళ్ళ మాటకు బరువుంటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు ఒడిశాలో బార్బిల్ వైపు ఇనుప గనుల్లో ఐదేళ్ళు దుమ్ము తిని, ఇప్పుడు ముంబైలో ఒక బ్యాంకులో అటవీ అనుమతి కాగితాలు చదివి ఈ అప్పు ఇవ్వొచ్చు, ఇది వద్దు అని చెబుతున్నాడు. దీనికి తలకిందులుగా, డిగ్రీ వదిలేసి ముందు మార్కెట్‌కు పోయి, తర్వాత గని తెలుసుకున్నవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. లోహాలు చూసే అనలిస్టు ఉద్యోగాలు ఎన్నో ఉండవు, వాటికి పోటీ పడేవాళ్ళలో సీఏలు, ఎంబీఏలు ఉంటారు. వాళ్ళకు లేనిది మీ వాడికి ఒక్కటే ఉంది. దాన్నే పారేస్తానంటున్నాడు.

మైనింగ్‌లో భవిష్యత్తు లేదన్న మాట వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆలోచించండి. ఈ బాయి పని నాతోనే ఆఖరు అని చిన్నప్పటి నుంచి వాడి ముందు ఎన్నిసార్లు అన్నారు? అని, ర్యాంకు వచ్చేసరికి తెలిసిన దారే కదా అని మైనింగ్‌లోనే చేర్పించారు. రాత్రి షిఫ్టు దిగి మీరు మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడం చూస్తూ పెరిగినవాడికి ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చునే పని స్వర్గంలా కనిపించడంలో తప్పేముంది? మీరు దిగిన బాయి, వాడు చూడబోయే గని ఒకటి కావని మీ నోటితో మీరే చెప్పాలి. డిగ్రీ పూర్తి చేస్తే వాడు చెడిపోయేదేమీ లేదు. ఇంకో ఏడాదిన్నర. మార్కెట్ ఎక్కడికీ పోదు.

ఆ షేర్లు అమ్మాలా ఉంచాలా అన్నది నా పరిధి కాదు. కానీ ఒక పని చేయించండి. ఆ కంపెనీ ఎక్స్చేంజీకి పంపిన ప్రకటనలన్నీ మీ వాడిని దింపుకోమనండి. చేతిలో ఉన్నది లెటర్ ఆఫ్ ఇంటెంటా, సంతకమైన లీజా? పర్యావరణ అనుమతి ఏడాదికి ఎన్ని టన్నులకు వచ్చింది, అసలు వచ్చిందా? అటవీ అనుమతి ఏ దశలో ఉంది, ప్రీమియం ఎంత శాతం? కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో అనుమతుల దరఖాస్తులు అందరూ చూడొచ్చు, అక్కడ కూడా వెతకమనండి. రెండు పేజీలు రాసి తెమ్మనండి. తెలుగులో అయినా సరే, మీకు అర్థమయ్యేలా. తప్పు కనపడితే మీరు దిద్దండి. గని గురించి వాడికంటే మీకు ఎక్కువ తెలుసు, ఆ సంగతి వాడికి కూడా తెలియాలి. రాయడంలో వాడికి ఆసక్తి పుడితే, ఆ రెండు పేజీలు నాకు పంపండి, ఎవరికి చూపించాలో నేను చెబుతాను. విసుగొచ్చి మధ్యలో వదిలేస్తే 85 వేలు మిగిలినట్టే.

ఇంట్లో ఇంకా చెప్పలేదన్నారు. వాడు ఆ కాగితాలు తెచ్చేలోపు, ఈ ఆదివారమే, ఆవిడను కూర్చోబెట్టి ఎంత పెట్టారో ఎంత మిగిలిందో అంకెలతో చెప్పండి. కొడుకును పక్కన నిలబెట్టి వాడి పేరు మీద చెప్పకండి. ఒంటరిగా, మీ పేరు మీదే చెప్పండి.