ఏడాదిలో రెండుసార్లు గ్యాస్ పట్టించారంటే అది ఏసీ మెయింటెనెన్స్ కాదు

ప్రశ్న: మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీలో సొంత ఫ్లాట్. మూడు స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి, అన్నీ ఒకటిన్నర టన్నువే. అత్తమామల గదిలోది 2018లో, మా గదిలోది 2021లో, హాల్లోది 2024లో కొన్నాం. హాల్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సముద్రం వైపు బాల్కనీలో ఉంది. గత ఏడాది అత్తమామల ఏసీకి ఏప్రిల్‌లో, మళ్లీ జూన్‌లో గ్యాస్ పట్టించాం. ఒక్కోసారి రూ.2,800 అయింది. ఇప్పుడు మళ్లీ చల్లబడటం లేదు. కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) మార్చాలి, రూ.12,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. వేరే సర్వీస్ సెంటర్ వాళ్లేమో మూడింటికీ కలిపి రూ.13,500కు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) తీసుకోమంటున్నారు. ఇవన్నీ కాకుండా మా 2 లక్షల చీటీ ఇప్పుడే పాడుకుని కొత్త ఏసీ కొనేస్తే మంచిదా? పాడితే రూ.35,000 దాకా వదులుకోవాలి. ఇద్దరం ఉద్యోగులమే, అయినా వేసవి వస్తోందంటే టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: ముందు అత్తమామల గది సంగతి తేల్చుకోవాలి. మీ డబ్బు ఎక్కువగా పోతున్నది అక్కడే. ఏసీలో గ్యాస్ వాడితే అయిపోయేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. లీకు మూయకుండా రెండుసార్లు గ్యాస్ పట్టించారు కాబట్టి ఆ రూ.5,600 గాలిలో కలిసిపోయినట్టే. ఇప్పుడు మూడోసారి పట్టించినా జూన్ దాకా వస్తుందన్న నమ్మకం లేదు.

అలాగని వెంటనే కాయిల్ మార్చేయకండి. నైట్రోజన్‌తో ప్రెజర్ టెస్ట్ చేసి, లీకు ఎక్కడుందో మీకు చూపించమని మెకానిక్‌ను అడగండి. సిస్టమ్‌లోకి నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాస్తారు. కారుతున్న చోట బుడగలు లేస్తాయి. చాలాసార్లు ఆ చోట చుట్టూ జిడ్డు మరక కూడా కనిపిస్తుంది, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది. లీకు రాగి గొట్టం బిగించే నట్టు దగ్గరే ఉంటే కొద్ది ఖర్చుతో పోతుంది. అప్పుడు కాయిల్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

లీకు సరిచేశాక గ్యాస్ పట్టించే ముందు, గొట్టాల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంప్ పెట్టారో లేదో చూడండి. అవుట్‌డోర్ యూనిట్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది రాసి ఉంటుంది. సిలిండర్‌ను తూకం మీద పెట్టి అంతే పట్టించాలి. పైపు పట్టుకుని చూసి ‘సరిపోయిందండీ’ అనే పద్ధతికి డబ్బులివ్వకండి. చేసిన పనికి ఎన్నాళ్లు వారంటీ ఇస్తున్నారో బిల్లు మీదే రాయించుకోండి.

లీకు కాయిల్‌లోనే ఉందని తేలితే? నేనైతే ఆ పాత ఏసీ మీద రూ.12,000 పెట్టను. సముద్రపు ఉప్పుగాలి కాయిల్‌ను మాత్రమే తినదు, అవుట్‌డోర్ బాడీ, ఫ్యాన్ మోటార్, ఎలక్ట్రానిక్ బోర్డు మీది కనెక్షన్లు అన్నిటినీ తింటుంది. కాయిల్ మార్చిన మరుసటి ఏడాది బోర్డు పోతే ఇంకో బిల్లు. ఈరోజుల్లో మంచి ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ రూ.40,000 అటూఇటూగా వస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కూడా. కొత్తదాని ధరలో దాదాపు మూడో వంతు తెచ్చి ఏడెనిమిదేళ్ల యంత్రంలో పోయడం నాకు లెక్క కుదరడం లేదు.

ఇక్కడ షాపువాళ్లు ఒక మాట తప్పకుండా చెబుతారు: ‘కరెంటు ఆదాతోనే కొత్త ఏసీ డబ్బులు వచ్చేస్తాయి’ అని. ఆ లెక్క మీరే చేసుకోవచ్చు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది, అది 1,600 గంటల వాడకానికి వేసిన అంకె. 2018 నాటి మీ ఏసీ లేబుల్ మీద 1,100 ఉండి, కొత్త 5 స్టార్ మీద 750 ఉందనుకుందాం. తేడా 350 యూనిట్లు. మూడు ఏసీల ఇల్లు కాబట్టి వేసవిలో మీరు నెలకు 400 యూనిట్లు దాటుతారు. ఏపీలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం ఆ పైన యూనిట్ రూ.9.75, అంటే ఏడాదికి సుమారు రూ.3,400 మిగులు, బిల్లులో వేసే సర్దుబాటు ఛార్జీలు కలిస్తే ఇంకొంచెం. దీంతోనే రూ.40,000 రాబట్టాలంటే పన్నెండేళ్లు పడుతుంది. కాబట్టి బాగా పనిచేస్తున్న ఏసీని కరెంటు కోసం మార్చకండి. కాయిల్ పోయింది కాబట్టి మారుస్తున్నారు, కరెంటు ఆదా దానికి తోడు అంతే.

ఇక ఏఎంసీ. మూడింటికీ ఒకే కాగితం మీద సంతకం పెట్టొద్దు. హాల్ ఏసీ 2024లో కొన్నది. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు పదేళ్లు, కొన్ని బోర్డుకు కూడా ఐదేళ్లు వారంటీ ఇస్తున్నాయి. మీ కార్డు తీసి చూడండి. అలా ఉంటే పెద్ద పార్టులకు మీరు ఇప్పటికే డబ్బు కట్టేసినట్టు, ఏఎంసీ పేరుతో మళ్లీ కట్టక్కర్లేదు. లీకున్న ఏసీ విషయానికొస్తే, ముందు తనిఖీ చేసి, ఉన్న లోపాన్ని మీ ఖర్చుతో బాగుచేయించాకే ఏఎంసీలో చేర్చుకోవడం మామూలు. అంటే ఆ రూ.12,000 ఏమీ తప్పదు.

మిగిలింది మీ గదిలోది. దానికి పార్టులు కూడా కలిసిన కాంప్రహెన్సివ్ ఏఎంసీ ఆలోచించవచ్చు, కానీ గ్యాస్, లోపలిదీ బయటిదీ రెండు కాయిళ్లు, బోర్డు కవర్ అవుతాయని కాగితం మీద ఉంటేనే. పార్టులు కలవని నాన్ కాంప్రహెన్సివ్ అయితే మీరు కొంటున్నది రెండు మూడు సర్వీసులే. ఆ సర్వీసులు విడిగా ఎంతకు చేస్తారో అడిగి పోల్చండి.

నెలవారీ లెక్క ఇలా వేశాను. సర్వీసు ఒక్కోటి రూ.600 అనుకుందాం. హాల్‌ది సముద్రం వైపు ఉంది కాబట్టి ఏడాదికి మూడుసార్లు, మిగతా రెండూ రెండేసిసార్లు, మొత్తం రూ.4,200. కెపాసిటర్, సెన్సర్, డ్రెయిన్ పైపు లాంటి చిల్లర రిపేర్లకు రూ.3,000. ఈ రెండూ కలిపి నెలకు రూ.600. పెద్ద ఖర్చు ఇది కాదు, ఏసీ మార్చాల్సి రావడం. మీ ఊరి గాలికి ఒక్కో ఏసీ ఎనిమిదేళ్లే అని పెట్టుకోండి. మూడింటికి రూ.1,20,000 అంటే నెలకు రూ.1,250. రూ.600 సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉంచండి, రూ.1,250 బ్యాంకులో ఆర్డీ కట్టండి. ఇద్దరి జీతాల మీద నెలకు రూ.1,850 మోయగలిగిందే. మీ టెన్షన్ ఖర్చు వల్ల కంటే అది ఒక్కసారిగా మీద పడటం వల్ల వస్తోందని నాకనిపిస్తోంది.

సర్వీసు ఫిబ్రవరిలోనే చేయించేయండి. ఏప్రిల్ ఎండల్లో మెకానిక్ రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాలి, మీ ఇంట్లో అరగంట కూడా ఉండడు. ఫిల్టర్లు రెండు వారాలకోసారి మీరే కుళాయి కింద కడుక్కోవచ్చు. ఫిల్టర్ మూసుకుపోయినా కాయిల్ మీద మంచు పడుతుంది, దాన్ని చూసి ‘గ్యాస్ తగ్గింది’ అనే వాళ్లున్నారు. బాల్కనీలోని అవుట్‌డోర్ యూనిట్‌ను నెలకోసారి, ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్) ఆపి, మామూలు నీళ్లు మెల్లగా పోసి కడగండి. రేకుల మీద పేరుకున్న ఉప్పు వదిలిపోతే కాయిల్ ఎక్కువకాలం నిలుస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పనిని మీ ఊళ్లో ఎవరూ వదలకూడదంటాను.

చివరిగా చీటీ. రూ.40,000 వస్తువు కోసం రూ.35,000 వదులుకుని పాట పాడొద్దు, దయచేసి. ఇంకా నెలల తరబడి వాయిదాలు కూడా కట్టాలి. కొత్తది కొనాల్సి వస్తే చేతిలో ఉన్న పొదుపులోంచి కొనండి. అది చాలకపోతే క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ మొత్తాన్ని ధరలో తగ్గించే వాయిదాలు) తీసుకోండి. దానికీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి, కానీ ఈ మొత్తానికి మామూలుగా వెయ్యి లోపే తేలుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: పూర్తి డబ్బు కడితే ఇచ్చే డిస్కౌంట్ ఈఎంఐకి పోతుందేమో షాపులో ముందే అడగండి. పెద్దవాళ్లు ఉన్న గది కాబట్టి వేసవి ముదిరే దాకా ఆగకుండా, ఈ వారంలోనే ఆ ప్రెజర్ టెస్ట్ చేయించండి.