దుఃఖరసమా, కరుణరసమా?

సందేహం: మా ఊరి తిరునాళ్ళలో హరిశ్చంద్ర నాటకం ఆడారు. చూసి వచ్చి మా వాట్సాప్ గ్రూపులో చిన్న రివ్యూ రాశాను. 'కాటి సీనులో చంద్రమతి వేషం వేసినావిడ దుఃఖరసాన్ని అద్భుతంగా పలికించారు. ప్రేక్షకులు భావోద్వేగానికి లోనయ్యారు' అన్నాను. గ్రూపులో ఒక పెద్దాయన, దుఃఖరసం అనేదే లేదు, కరుణరసం అనాలి అన్నారు. కరుణ అంటే దయ కదండీ? కొడుకు శవం మీద పడి ఏడుస్తున్న తల్లిది దయ ఎలా అవుతుంది? ఇంకోటి, ఈ భావోద్వేగం అనే మాట నేను ప్రతి రివ్యూలోనూ వాడుతున్నానని మావారు అంటున్నారు. దానికి బదులు ఏం రాయొచ్చు? చివర్లో కరెంటు పోయి గొడవైతే 'రసాభాస అయింది' అని రాశాను. అదైనా సరైనదేనా?

సమాధానం: పెద్దాయన చెప్పింది నిజమే. మన శాస్త్రంలో దుఃఖరసం అన్న పేరు లేదు, కాటి సీనులోది కరుణరసమే. అయితే ఆయన దిద్దుబాటు కంటే మీ ప్రశ్న విలువైనది. ఏడ్చే తల్లిది దయ ఎలా అవుతుంది అని అడిగారు చూశారా, విషయమంతా అక్కడే ఉంది. చంద్రమతిది శోకం. కరుణ మీది. ముందు చాప మీద కూర్చుని ఆమెను చూస్తున్న మీ మనసుకు పెట్టిన పేరు అది.

భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయిభావాలు, అంటే మనసులో స్థిరంగా ఉండే భావాలు చెప్పి, వాటి నుంచి పుట్టే ఎనిమిది రసాలకు వేరే పేర్లు పెట్టాడు. మనుషుల్లో ఉండేది రతి, కళలో అది శృంగారం. హాసం హాస్యమవుతుంది, శోకం కరుణ అవుతుంది. క్రోధం రౌద్రం, ఉత్సాహం వీరం, భయం భయానకం, జుగుప్స బీభత్సం, విస్మయం అద్భుతం. తొమ్మిదోదైన శాంతం తర్వాతివాళ్ళు గట్టిగా నిలబెట్టింది. (బీభత్సంలో మొదటి అక్షరం ఒత్తు లేని 'బ' అని గుర్తుపెట్టుకోండి. 'భీభత్సం' అని టీవీ స్క్రోలింగుల్లో రోజూ కనిపిస్తుంది, తప్పు. అర్జునుడి పేరు బీభత్సుడు గుర్తుంటే ఇక పొరబడరు.)

ఒకే మనోస్థితికి రెండు పేర్లు ఎందుకు? నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మా నాయనమ్మ హరిశ్చంద్ర నాటకం ఎక్కడ ఆడినా వెళ్ళేది. కాటి సీను రాగానే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉండేది. పద్యం అయిపోగానే జనంలోంచి 'వన్స్ మోర్' అని కేకలు వేసేవాళ్ళు. కళ్ళు తుడుచుకుంటూ మా నాయనమ్మ కూడా, 'మళ్ళీ పాడించండ్రా' అనేది. హరిశ్చంద్రుడు మళ్ళీ రాగం ఎత్తుకునేవాడు, ఆవిడ మళ్ళీ ఏడ్చేది. అదే నాయనమ్మ, మా చిన్నాన్న పోయిన నాడు గోడకు ఆనుకుని పలక్కుండా ఉండిపోయింది. ఆ రోజును ఆమె మళ్ళీ ఒక్కసారి కూడా తలుచుకోవడానికి ఇష్టపడలేదు. మొదటిదానికీ రెండోదానికీ ఒకే పేరు ఎలా సరిపోతుంది? సొంత దుఃఖానికి ఎవరూ వన్స్ మోర్ అనరు.

పదో శతాబ్ది చివరా పదకొండో శతాబ్ది మొదటా ఉన్న కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు ఇదే మాట వాల్మీకి గురించి చెప్పాడు. క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని బోయవాడు కొట్టాడు, చూసిన వాల్మీకి నోట శోకమే శ్లోకమై వచ్చింది అని రామాయణం చెబుతుంది. ఆ శోకాన్ని మునిగారి సొంత శోకం అనుకోకూడదు అంటాడు అభినవగుప్తుడు. తన దుఃఖంలోనే కాలిపోతున్నవాడికి శ్లోకం చెప్పే స్థితి ఉండదు. ఆ పక్షి దుఃఖం వాల్మీకి హృదయంలో కరుణగా మారాకే మాటగా బయటికి వచ్చింది. అందుకే మన వాడుకలో కరుణకున్న దయ అనే అర్థం ఇక్కడ అడ్డం రాదు, పైగా దారి చూపిస్తుంది. ఎదుటివాళ్ళ బాధకు మెత్తబడే మనసు ఉంటేనే దయ ఉంటుంది, ఈ రసమూ ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. కరుణకు మన 'కరగడం'తో చుట్టరికం కలుపుతుంటారు కొందరు. వినడానికి బాగుంటుంది గానీ, కరుణ సంస్కృతం, కరగడం అచ్చ తెనుగు. రెండూ వేరు.

రసం అసలు ఎక్కడ ఉంటుందన్న దానిమీద పండితులు చాలా వాదించుకున్నారు. అభినవగుప్తుడికి ముందున్న భట్టలోల్లటుడు, అది ముఖ్యంగా పాత్రలోనే ఉంటుందన్నాడు. అభినవగుప్తుడు చూసేవాడి హృదయంలో అన్నాడు. నేను అభినవగుప్తుడి పక్షం. నన్ను ఆ పక్షానికి లాగింది సంస్కృత గ్రంథాలు మాత్రమే కాదు, మన నాటకాల వాళ్ళ మాట కూడా. వాళ్ళు భావం 'పలికింది' అంటారు, రసం 'పండింది' అంటారు. 'ఆ అమ్మాయి కళ్ళల్లో భయం బాగా పలికింది' అంటారు. 'కామెడీ పండలేదు', 'సెంటిమెంటు సీను పండింది' అంటారు. పలకడం నటి చేతిలో ఉంది. పండడం ఆమె ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, అది జనంలో జరగాలి. ఏ అలంకారశాస్త్రమూ చదవని మేకప్ మనిషి కూడా ఈ తేడా తప్పకుండా మాట్లాడతాడు. రసం అంటే మనకు మొదట మామిడిపండే గుర్తొస్తుంది కదా, చిన్న రసం, పెద్ద రసం అని. పండాలి, పిండాలి, నోట్లో పడాలి. భరతుడు కూడా రసం అని ఎందుకంటారు అన్న ప్రశ్న తనే వేసుకుని, ఆస్వాదించేది కాబట్టి అని జవాబిచ్చాడు. భోజనం ఉదాహరణ కూడా ఇచ్చాడు.

ఇప్పుడు మీ భావోద్వేగం సంగతి. సమాసంగా తప్పేమీ లేదు. కానీ నాయకుడు ప్రెస్‌మీట్‌లో ఏడ్చినా భావోద్వేగమే, క్రికెటర్ కప్పు ఎత్తినా భావోద్వేగమే, కాటి సీను చూసినా భావోద్వేగమే. ఏం కలిగిందో అది చెప్పదు. ఎమోషనల్ అయ్యారు అన్న ఇంగ్లీషు మాటకు అట్ట మార్చినట్టు ఉంటుంది. మీవారి చెవి మంచిది.

దానికి బదులు ఏం రాయాలో తెలియాలంటే సాత్త్వికభావాల దగ్గరికి వెళ్ళాలి. మనసులో పుట్టింది ఒంటి మీద తనంతట తాను ఎలా బయటపడుతుందో భరతుడు ఎనిమిది రకాలుగా చెప్పాడు. అవి స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. పేర్లు చూసి భయపడకండి. వీటన్నిటికీ మీ ఇంట్లో రోజూ మాట్లాడే తెలుగు ఉంది. కొయ్యబారిపోయాడు అంటే స్తంభం. ముచ్చెమటలు పోశాయి అంటే స్వేదం. ఒళ్ళు గగుర్పొడిచింది అంటే రోమాంచం. గొంతు పూడుకుపోయింది అంటే స్వరభేదం, దీనికి పాత కావ్యాల్లో 'డగ్గుత్తిక' అనే చక్కటి మాట కూడా ఉంది. నిలువెల్లా వణికింది అంటే వేపథువు. ముఖాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు అంటే వైవర్ణ్యం. సొమ్మసిల్లింది అంటే ప్రళయం. ఇక కన్నీళ్ళకైతే మన భాషలో ఎన్ని మెట్లున్నాయో చూడండి. కళ్ళు చెమరుస్తాయి. ఆపుకునేవాళ్ళు గుడ్ల నీరు కుక్కుకుంటారు. ఆపుకోలేనివాళ్ళు వెక్కుతారు, బావురుమంటారు. నలుగురూ కలిస్తే ఘొల్లుమంటారు. చావింట్లో ఆడవాళ్ళు శోకాలు పెడతారు. ఇన్ని మాటలు చేతిలో ఉండగా అన్నిటికీ ఒకే మాట వాడుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇది నాటకానికే కాదు, బొమ్మ గురించి రాసేటప్పుడూ పనికొస్తుంది. అజంతా పదహారో గుహలో ఒక చిత్రం ఉంది. మరణిస్తున్న రాకుమారి అని చాలాకాలం పిలిచారు. అది బుద్ధుడి సవతి తమ్ముడు నందుడి భార్య సుందరి అని, భర్త సన్యసించాడని తెలియజేస్తూ వచ్చిన కిరీటాన్ని చూసి సోలిపోతోందని తర్వాత పండితులు గుర్తించారు. చిత్రకారుడి దగ్గర గొంతు లేదు, కదలిక లేదు. వాలిన తల, అరమోడ్పు కళ్ళు, పట్టు తప్పిన వేళ్ళు, వెనకనుంచి పట్టుకున్న చెలికత్తె, ఇంతే. అంటే ఎనిమిదింటిలో చివరిదైన ప్రళయాన్ని ఎంచుకున్నాడు. ఆ చిత్రం దగ్గర నిలబడి 'భావోద్వేగభరితంగా ఉంది' అంటే ఏమీ చెప్పనట్టే. 'వేళ్ళలో పట్టు తప్పింది' అంటే చూడనివాడికి కూడా కనిపిస్తుంది.

మీరు అడగకపోయినా 'హావభావాలు' గురించి ఒక మాట. మనం దీన్ని ముఖకవళికలు అన్న అర్థంలో వాడేస్తున్నాం. భరతుడి లెక్కలో మనసులోది భావం, అది కళ్ళలో, కనుబొమల్లో పొడచూపితే హావం, ఇంకా స్పష్టంగా వ్యక్తమైతే హేల. నాయిక శృంగారానికి చెప్పిన మాటలివి. ఇప్పుడు అర్థం విస్తరించింది, వాడుకోవచ్చు.

రసాభాస మాత్రం బాగా దూరం ప్రయాణించింది. ఆభాస అంటే నిజం కాకుండా అలా అనిపించేది. సీత మీద రావణుడికున్నది ప్రేమలా కనబడినా ఔచిత్యం లేదు కాబట్టి అది శృంగారం కాదు, శృంగారాభాస. ఆ మాట సభల్లో కుర్చీలు విరగడం దాకా ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. రసం చెడింది అన్న భావం ఒక్కటే మిగిలి, మిగతాది రాలిపోయింది. పత్రికల వాడుకలో స్థిరపడిన మాటను వెనక్కి లాగమని నేననను. కానీ మీరు రాసింది నాటకం గురించి. అక్కడ రసాభాసకు పాత అర్థం ఇంకా బతికే ఉంది, చదివినవాళ్ళు నటుల తప్పనుకునే ప్రమాదముంది. 'కరెంటు పోయి గోల గోల అయింది' అనండి, చాలు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: 'కాటి సీనులో చంద్రమతి శోకం ఆమె గొంతులోనే పలికింది. పద్యం మధ్యలో ఆ గొంతు పూడుకుపోయినప్పుడు నా పక్కనున్నావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. కరుణరసం పండింది.'