కాగితం విమానాలతో సైన్స్ ప్రయోగం: నాలుగు మోడళ్లు వద్దు, ఒకే విమానం, ఒకే క్లిప్పు చాలు

మీ బాబు ఎనిమిదో తరగతి అన్నారు. సైన్స్ ఫెయిర్ కోసం నాలుగు రకాల కాగితం విమానాలు చేసి, ఏది ఎక్కువ దూరం పోతుందో చూపిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. రెండేళ్ల కిందట మా అమ్మాయి సరిగ్గా అదే చేసింది. చార్టు చక్కగా వచ్చింది. చూడ్డానికి వచ్చిన మేడమ్ ఒక్కటే అడిగారు: "ఇది దూరం పోయింది మోడల్ బాగుండా, నువ్వు గట్టిగా విసిరా?" పాప దగ్గర జవాబు లేదు. ఆ సెలవుల్లో ప్రయోగం మళ్లీ మొదటి నుంచి చేశాం.

ఈసారి ముందుగా ఒకే విమానాన్ని పదిసార్లు విసరమన్నాను. అదే చెయ్యి, అదే హాలు. ఒకసారి 4 మీటర్లు పోయింది, ఇంకోసారి 7 మీటర్లు! విసరడంలోనే ఇంత తేడా ఉంటే, రెండు మోడళ్ల మధ్య వచ్చిన మీటరు తేడాను ఎలా నమ్ముతాం? మీ బాబు చేత కూడా మొదట ఈ పది విసుర్లు వేయించి, అంకెలు రాయించండి. 2012లో 69.14 మీటర్ల ప్రపంచ రికార్డు వచ్చినప్పుడు విమానం తయారుచేసింది జాన్ కాలిన్స్, విసిరింది మాత్రం జో అయూబ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. చేతి బలం అంత తేడా తెస్తుంది.

అందుకే చేతిని పక్కన పెట్టి చిన్న లాంచర్ చేశాం. ఒక చెక్క, ముందు అంచున రెండు మేకులు, వాటి మధ్య రబ్బరు బ్యాండు. మేకులు రెక్కలకు తగలకుండా పొట్టిగా ఉండాలి. విమానం అడుగున చేత్తో పట్టుకునే మడతకి, ముక్కు దగ్గర్లో చిన్న గాటు పెట్టి రబ్బరు తగిలించాం. నాలుగోసారికే గాటు చిరిగిపోయింది. అక్కడ టేపు ముక్క అంటించి మళ్లీ కోస్తే నిలిచింది. చెక్క మీద పెన్నుతో గీత గీసి, ప్రతిసారీ తోకను ఆ గీత దాకానే లాగి వదిలాం. చెక్క కింద పెట్టిన పుస్తకం కూడా చివరిదాకా మార్చలేదు. పదేసి సార్ల దూరాల మధ్య తేడా బాగా తగ్గిపోయింది. పాప ముఖం వెలిగిపోయింది అప్పుడు.

ఇక దేన్ని మార్చాలి? చాలామంది ముక్కుకి ఒక జెమ్ క్లిప్పు, రెండు, మూడు అని పెంచుకుంటూ పోతారు. నేనైతే వద్దంటాను. క్లిప్పులు పెరిగితే బరువూ పెరుగుతుంది, గరిమనాభీ (విమానం తూగే చోటు) ముందుకు జరుగుతుంది. దూరం మారింది దేనివల్లో చెప్పలేం. 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం మొత్తం 5 గ్రాములే, కాబట్టి చిన్న క్లిప్పు కూడా దానికి తక్కువ బరువేం కాదు. మేం ఒకే క్లిప్పు తీసుకుని చోటు మాత్రం మార్చాం: ముక్కు నుంచి 1, 6, 11, 16 సెంటీమీటర్ల దగ్గర. మొత్తం బరువు మారదు, గరిమనాభి ఒక్కటే జరుగుతుంది. విమానాన్ని స్కేలు అంచు మీద నిలబెట్టి, ఎక్కడ తూగుతుందో ప్రతిసారీ గుర్తు పెట్టుకున్నాం. క్లిప్పు ముక్కు దగ్గరుంటే విమానం తొందరగా నేలకు దిగింది. కాస్త వెనక్కి జరిపితే ఇంకా దూరం పోయింది. మరీ వెనక్కి జరిపితే మాత్రం ముక్కు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగినట్టయి, కింద పడింది. ముందే పరికల్పన, అంటే ఏం జరుగుతుందన్న అంచనా, రాయించడం మర్చిపోకండి. మా పాప "ముక్కు దగ్గరుంటేనే ఎక్కువ దూరం" అని రాసింది. అది తప్పని తేలినా కొట్టేయనివ్వలేదు, రికార్డులో అలాగే ఉంచాం.

ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి చేయండి. వరండాలో అయితే గాలికి అంతా పాడవుతుంది. విమానం జారుకుంటూ పోయి ఆగిన చోటు కాకుండా, నేలకి మొదట తాకిన చోటు దాకా టేపుతో కొలవండి. పక్కకి తిరిగిపోయిన వాటిని ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి. నచ్చని అంకెల్ని తర్వాత తీసేయడం మాత్రం వద్దు.

ఇంకొక్క మాట. పడ్డ ప్రతిసారీ ముక్కు కొంచెం నలుగుతుంది, రబ్బరు కూడా సాగుతుంది. 1 సెంటీమీటరు దగ్గర పదిసార్లు, తర్వాత 6 దగ్గర పదిసార్లు అని వరుసగా చేస్తే, చివరి చోటుకి నలిగిన ముక్కు, సాగిన రబ్బరు మిగులుతాయి. మేం ఒక్కో చోటుకి పది చొప్పున నలభై చీటీలు రాసి డబ్బాలో వేసి, ఏ చీటీ వస్తే క్లిప్పు ఆ చోట పెట్టి వదిలాం. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. నలభై అంకెలూ పెన్సిల్‌తో రాసిన ఆ కాగితాన్ని పాప చార్టు మధ్యలో అలాగే అంటించింది. మీ బాబు పది విసుర్లు అయ్యాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.