చౌరస్తా, కూడలి, ముంగిలి: ఏది ఎక్కడ?

సందేహం: హైదరాబాద్ పాతబస్తీ మీద రాసిన వ్యాసంలో, చార్మినార్ దగ్గరి నీటి తొట్టి (హౌజ్) ఉన్న చోటును, కుతుబ్‌షాహీల కాలం నుంచి నేటిదాకా అంతటా ‘గుల్జార్ హౌజ్ చౌరస్తా’ అనే రాశాను. చౌరస్తా తెలుగు కాదు, ‘కూడలి’ అనాలని ఒక మిత్రుడు దిద్దారు. ‘చారిత్రక చతురస్రం’ మేలని మరొకరు అన్నారు. ఏది ఒప్పు? ‘నాలుగు చార్‌కమాన్లు’ అనవచ్చా?

సమాధానం: ‘చతురస్రం’ వద్దే వద్దు. అది ఆకారం పేరు, జనం చేరే చోటు పేరు కాదు.

చౌరస్తాలోని ‘రస్తా’ పారసీకం. ‘చౌ’ మూలం సంస్కృత ‘చతుర్’, ప్రాకృతం మీదుగా హిందీకి చేరింది. అయినా తెలుగువారి నోట నలిగిన మాటను పుట్టుక చూసి వెలివేయడం నాకు సమ్మతం కాదు. ‘కూడు’ (కలియు) నుంచి వచ్చిన కూడలి అచ్చ తెలుగు. రెండూ ఒప్పే. ‘నాలుగు రోడ్ల చౌరస్తా’ మాత్రం పునరుక్తి; ‘మూడు రోడ్ల చౌరస్తా’ అంతకన్నా తప్పు. మూడు దారులు కలిస్తే కూడలి అనండి.

మీ వ్యాసంలో అసలు చిక్కు కాలానిది. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా, దానికి ఉత్తరాన నాలుగు పెద్ద కమాన్లు కూడా నిలిపాడు; అవే చార్‌కమాన్. పడమటి కమాను దాటితే రాజభవనాలు. కమాన్ల నడుమ ఉన్న స్థలం ‘జిలూఖానా’, అంటే రాజు పరివారం, కావలివాళ్లు నిలిచే చోటు. దాన్ని చౌరస్తా అన్నా, కూడలి అన్నా దారులు కలిశాయనే తెలుస్తుంది. మనుషులు అక్కడ ఆగి వేచి ఉన్నారన్న సంగతి జారిపోతుంది. అమరకోశం అంగణానికి పర్యాయంగా చెప్పిన ‘చత్వరం’ సరిపోతుంది గాని, ఇప్పటి పాఠకుడికి బరువు. నేనైతే ‘రాజభవనం ముంగిలి’ అని రాస్తాను. ఆ భవనాలు పోయాయి. హౌజ్ చుట్టూ నగల, ముత్యాల దుకాణాలు వెలిశాయి. ఈనాటి సంగతి రాసేటప్పుడు చౌరస్తా చక్కగా అతుకుతుంది.

‘చార్’ అంటేనే నాలుగు, కాబట్టి ‘నాలుగు చార్‌కమాన్లు’ కూడదు. ‘చార్‌కమాన్’ మొత్తం ఒక చోటి పేరయింది గనుక ‘చార్‌కమాన్‌లోని నాలుగు కమాన్లు’ అంటే తప్పులేదు.

పేర్లను మాత్రం అనువదించకండి. గుల్జార్ హౌజ్‌కు ‘చార్‌సూ కా హౌజ్’ అనే పాత పేరుంది. ‘సూ’ అంటే దిక్కు. నాలుగు కమాన్లకూ నడిమధ్యన ఉన్న నీటి తొట్టి అని ఆ పేరే చెబుతుంది. దగ్గరలోని మహబూబ్ చౌక్‌ను జనం ముర్గీ చౌక్ అంటారు, కోళ్లు, పక్షులు అమ్మిన బజారు కాబట్టి. దాన్ని ‘కోళ్ల కూడలి’ చేస్తే దారి అడిగినవాడికి చిరునామా దొరకదు, ఊరివాళ్లకు తమ బజారు గుర్తుకు రాదు.

మీ వ్యాసంలో నేటి పేరాల్లోని ‘గుల్జార్ హౌజ్ చౌరస్తా’ను అలాగే ఉంచండి. కుతుబ్‌షాహీల పేరాలో చౌరస్తా తీసి ‘ముంగిలి’ వేయండి. జిలూఖానా పేరు కూడా అక్కడే, అర్థంతో సహా ఇవ్వండి.